పాత పికప్‌లో రెండు స్ట్రోకుల డీజిల్ ఇంజను: కొనుగోలుకు ముందు

పెట్రోలు ఇంజనును దించి డీజిల్ ఇంజను బిగించడం మన దేశంలో కొత్త విద్య కాదు. పెట్రోలు అంబాసిడర్లు, జీపులు ఆ విధంగా రూపాంతరం చెంది ఏళ్ళ తరబడి మన రోడ్లపై తిరిగిన సంగతి పెద్దవారైన పాఠకులకు విదితమే. అమెరికాలో ఈ విద్య మరొక దారి పట్టింది. అక్కడి ఔత్సాహికులలో కొందరు 1960, 70 దశకాల నాటి పికప్ ట్రక్కులలో డెట్రాయిట్ డీజిల్ వారి రెండు స్ట్రోకుల ఇంజన్లను అమర్చుకుంటారు. ఎక్కడో ఒక జనరేటరుకో, పడవకో, సైనిక వాహనానికో సేవ చేసిన ఇంజను, ఒక ఔత్సాహికుని షెడ్డులో పికప్‌లోకి చేరుతుంది. కొన్నేళ్ళకు ఆ బండి అమ్మకానికి వస్తుంది. దానిని కొనవచ్చునా అన్నది ప్రశ్న.

ముందు ఇంజను సంగతి. జనరల్ మోటార్స్ సంస్థ 1938లో ఈ కుటుంబంలోని 71 శ్రేణిని, 1957లో చిన్నదైన 53 శ్రేణిని ప్రవేశపెట్టింది. ఆ సంఖ్యలు ఒక్కొక్క సిలిండరు ఘనపరిమాణాన్ని ఘనపుటంగుళాలలో తెలుపుతాయి. కనుక 4-53 అంటే నాలుగు సిలిండర్లు, మొత్తం 212 ఘనపుటంగుళాలు, అనగా సుమారు మూడున్నర లీటర్లు. పెట్రోలు స్కూటరులోని రెండు స్ట్రోకుల ఇంజనుకు, దీనికి పోలిక పేరులోనే. ఇందులో ఆయిలును ఇంధనంలో కలపరు. ఇంజనే తిప్పే ఒక బ్లోయర్, సిలిండరు లైనరు చుట్టూ ఉన్న రంధ్రాల గుండా స్వచ్ఛమైన గాలిని లోనికి నెడుతుంది. ఆ గాలి కింది నుండి పైకి పోతూ పొగను హెడ్‌లోని ఎగ్జాస్టు వాల్వుల గుండా వెలుపలికి తరుముతుంది. క్రాంకు తిరిగిన ప్రతి చుట్టులోనూ ప్రతి సిలిండరూ శక్తినిస్తుంది. అందువల్లనే 2,000 చుట్ల వద్ద ఈ ఇంజను చేసే ధ్వని, మామూలు ఇంజను 4,000 చుట్ల వద్ద చేసే ధ్వనిలా వినబడుతుంది. ఆ కేకకు మనసిచ్చి బండి కొన్నవారే ఎక్కువ.

ఈ సూత్రం మనకు పరాయిది కాదు. 1990ల చివర మన రైల్వేలకు వచ్చి, తరువాత వారణాసిలో తయారైన డబ్ల్యూడీజీ-4 డీజిల్ లోకోమోటివ్‌లో ఉన్నదీ రెండు స్ట్రోకుల ఇంజనే. అందులో పదహారు సిలిండర్లు, ఒక్కొక్కటి 710 ఘనపుటంగుళాలు, శక్తి 4,000 అశ్వశక్తి. అదీ జనరల్ మోటార్స్ వంశమే, నామకరణ పద్ధతీ అదే. కాజీపేట మీదుగానో విజయవాడ మీదుగానో బొగ్గు వాగన్లను లాగుకుపోయే ఆ పెద్దన్నను చూచినవారికి ఈ తమ్ముడి స్వభావం కొంత అర్థమవుతుంది.

ఒహాయోలో ఉద్యోగం చేస్తున్న మా సహోద్యోగి కుమారునికి ఇటువంటి బండి ఒకటి నచ్చింది. 1970ల నాటి ముప్పావు టన్ను షెవ్రోలే, అందులో 4-53. మేము సెలవుపై ఆ ప్రాంతానికి వెళ్ళినప్పుడు, "ఇంజను సౌండ్ అద్భుతంగా ఉంది అంకుల్, మీరు ఒక్కసారి చూసి సరే అంటే చాలు" అన్నాడు. ధ్వనిని బట్టి సరే అనలేము కదా! కోటు తీసి బండి కిందికి దూరక తప్పలేదు.

మేము మొట్టమొదట చూచినది ఇంజనును నడిపే భాగాలను కాదు, ఆపే భాగాన్ని. ఈ ఇంజనులో ఇంధనం యాంత్రికంగా అందుతుంది. ఇంజెక్టర్లను నియంత్రించే ర్యాకు ఎక్కడైనా బిగుసుకుంటే గవర్నరుకు పట్టు తప్పుతుంది. బ్లోయర్ సీళ్ళు అరిగితే ఇంజను తన లూబ్రికేటింగ్ ఆయిలునే ఇంధనంగా తాగడం మొదలుపెడుతుంది. అప్పుడు తాళం తీసినా, డీజిల్ ఆపినా ప్రయోజనం ఉండకపోవచ్చు. చుట్లు పెరుగుతూ పోయి ఇంజను ముక్కలయ్యే ప్రమాదం ఉన్నది. అందుకే గాలి ద్వారం వద్ద ఒక రేకు తలుపు ఉంటుంది. క్యాబిన్ నుండి కేబులు లాగితే అది మూతపడి, గాలి అందక ఇంజను ఆగుతుంది. దీనిని అత్యవసరానికే వాడాలి. రోజూ దీనితోనే ఆపితే లోపల ఏర్పడే శూన్యం ఆయిలును సీళ్ళ గుండా పీలుస్తుంది.

ఈ బండిలో ఆ కేబులు లేదు. తలుపు మీట తెరిచిన స్థితిలో ఇనుప తీగతో కట్టివేయబడి ఉన్నది! గతుకులలో దానంతట అదే మూతపడుతున్నదని అలా చేశామని అమ్మకందారు నింపాదిగా చెప్పాడు. స్ప్రింగు, గొళ్ళెం మార్చవలసిన చోట తీగ చుట్టిన చేయి మిగతా బండిలో ఇంకేమి చేసి ఉంటుందన్న అనుమానం మాకు అక్కడే మొదలైంది.

ఇంజను మాత్రం మమ్మల్ని మెప్పించింది. ఈ ఇంజన్లలో ఒక గొప్ప సౌకర్యం ఉన్నది. హెడ్ విప్పకుండానే పిస్టన్ రింగులను కళ్ళతో చూడవచ్చు. బ్లాకు పక్కనున్న ఎయిర్ బాక్స్ మూతలు విప్పి, క్రాంకును చేతితో నెమ్మదిగా తిప్పితే, లైనరు రంధ్రాల ఎదుటికి రింగులు ఒక్కొక్కటిగా వస్తాయి. సన్నని పుల్లతో నొక్కితే రింగు స్ప్రింగులా వెనుకకు రావాలి. రాకపోతే విరిగినదో, మసితో అతుక్కుపోయినదో అనుకోవాలి. రంధ్రాలు మసితో పూడుకుపోయాయా, లైనరుపై గీతలున్నాయా అన్నదీ అక్కడే తెలుస్తుంది. నాలుగు సిలిండర్లూ శుభ్రంగా ఉన్నాయి. ఎయిర్ బాక్స్ డ్రెయిన్ గొట్టాల నుండి కొద్దిగా ఆయిలు కారడం వీటికి సహజమే, ధారగా కారితే తప్పు. డిప్‌స్టిక్ కూడా వాసన చూడదగినది. రాకర్ కవరు కింద ఉన్న సన్నని ఇంధన గొట్టాలు కారితే డీజిల్ సంపులోకి దిగి ఆయిలు మట్టం పెరుగుతుంది. మట్టం పెరుగుతున్నదని సంతోషించేవాడు బేరింగులను పోగొట్టుకుంటాడు.

అసలు లోపం బ్రేకుల వద్ద బయటపడింది. పెట్రోలు బండిలో బ్రేకు బూస్టరు ఇంజను మానిఫోల్డులోని శూన్యంతో పనిచేస్తుంది. బ్లోయర్ గాలిని నెట్టే ఈ ఇంజనులో ఆ శూన్యమే ఉండదు. కనుక ప్రత్యేకంగా వాక్యూమ్ పంపు పెట్టాలి, లేదా పవర్ స్టీరింగ్ పంపుతో నడిచే హైడ్రాలిక్ బూస్టరు అమర్చాలి. ఇక్కడ పాత బూస్టరు అలంకారంగా మిగిలింది, దాని గొట్టానికి బిరడా కొట్టారు. పైగా పాత వీ-8 పెట్రోలు ఇంజను సుమారు 260 కిలోలైతే, 4-53 అర టన్నుకు తక్కువ ఉండదు. ముందు ఇరుసుపై అదనపు బరువు, బ్రేకుకు సహాయం శూన్యం. ఖాళీ పల్లెరోడ్డుపై పరీక్షగా నడిపితే ఈ లోపం తెలియదు, హైవేపై తెలుస్తుంది.

ఇక వేగం. 53 శ్రేణిని సాధారణంగా 2,800 చుట్లకు గవర్నరుతో కట్టడి చేస్తారు. ఈ బండి వెనుక ఇరుసు నిష్పత్తి 4.10, టైరు వ్యాసం 30 అంగుళాలు. టాప్ గేరులో గంటకు 60 మైళ్ళ వద్ద ఇంజను సుమారు 2,750 చుట్లు తిరగాలి. అంటే గవర్నరు హద్దును తాకుతూ, చెవులు మూసుకుని ప్రయాణం చేయాలి! ఇరుసును 3.07కు మారిస్తే అదే వేగానికి సుమారు 2,060 చుట్లు చాలు.

పత్రాల విషయం క్లుప్తంగా చెబుతాము. ఇంజను మార్చిన బండిని రిజిస్టరు చేయడంలో అక్కడ రాష్ట్రానికొక తీరు. మన దేశంలో మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు మొదట పేర్కొన్న వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. ఇక్కడ ఇటువంటి ప్రయోగం తలపెట్టేవారు స్పానరు పట్టకముందే రవాణా కార్యాలయం గడప తొక్కాలి.

ఇంజను మంచిది, అమరిక చెడ్డది అని మేము తేల్చాము. మార్పిడి బండిలో మనం కొనేది ముఖ్యంగా ఆ అమర్చినవాని పనితనాన్నే. ఇంజనుకు మాన్యువల్ ఉన్నది, ఛాసిస్‌కు మాన్యువల్ ఉన్నది. ఆ రెంటినీ కలిపిన బ్రాకెట్లకు, వెల్డింగులకు, తీగలకు ఏ మాన్యువలూ లేదు. ఇంజను విలువ, బాడీ విలువ కలిపి, బ్రేకులు, ఇరుసు, ఆపుడు తలుపు సరిచేయడానికయ్యే ఖర్చును తీసివేసి ధర చెప్పమన్నాము. నడిపించుకుని ఇంటికి తీసుకుపోవడానికి మాత్రం ఒప్పుకోలేదు. కుర్రవాడు ముఖం చిన్నబుచ్చుకున్నాడు గాని, చివరికి ఆ ధరకే కొని, ట్రైలరుపై ఎక్కించుకుపోయాడు.

కేబులు, కొత్త స్ప్రింగు మొదటి వారంలోనే వేశాడట. బ్రేకుల పని పూర్తయ్యేదాకా బండి రోడ్డెక్కలేదు. అతడు తరువాత ఫోనులో అడిగిన ప్రశ్న ఇతరులకూ పనికివస్తుంది. దుకాణంలో ఖరీదైన మల్టీగ్రేడ్ ఆయిలు ఉన్నది, పోయవచ్చునా అని. పోయరాదు. ఈ ఇంజన్లకు తయారీదారు చెప్పినది ఒకే గ్రేడు, ఎస్ఏఈ 40, అదీ సల్ఫేటెడ్ యాష్ ఒక శాతానికి లోబడినది. బూడిద ఎక్కువైతే అది ఎగ్జాస్టు వాల్వులపై పేరుకుని వాటిని కాల్చివేస్తుంది. చలికాలంలో 40 గ్రేడు చిక్కబడి స్టార్టరు తిప్పలేకపోతే, ఆయిలు మార్చకుండా బ్లాకు హీటరు పెట్టుకోమని చెప్పాము.