ఇసుకలోని కాలువలు



నేటి ప్రసంగవిషయము మన చెవులకు క్రొత్తది. దీనిని గూర్చి పలుకుటకు నాకు గల అధికారమును స్వల్పమే. నేను వ్యాకరణము చదివి, ముప్పదియేండ్లకు పైగా పిల్లలకు తెలుగు చెప్పినవాడను. ఐనను ఒక కుటుంబపు చిక్కు నన్నీ విషయములోనికి దింపినది.

గడచిన వేసవిలో కైకలూరు ప్రాంతమునుండి నా చిరకాలమిత్రు లొకరు మా యింటికి వచ్చిరి. ఆయనకు చేపల చెరువులు కలవు. చెరువుమీది అప్పును కలదు. ఆయన మనుమరాలు ఎలక్ట్రానిక్సులో ఎం.టెక్. పట్టము పొందినది. ఆమెకు రెండు కొలువులు దొరకినవి. ఒకటి హైదరాబాదులో సాఫ్టువేరు ఉద్యోగము. రెండవది ఒక విశ్వవిద్యాలయములో పరిశోధకపదవి. మొదటిదాని జీతము రెండవదానికి ఇంచుమించు రెట్టింపు. పిల్ల రెండవదానినే పట్టినది. “పంతులుగారూ! లేని వస్తువును ఉన్నట్లు భావించి, కంప్యూటరు ముందు కూర్చుండి లెక్క వేయుటయట. దీనికి సర్కారు డబ్బిచ్చునా? ఇచ్చినను ఎన్నాళ్లిచ్చును?” అని ఆయన యడిగిరి.

నాకు తెలియదంటిని. ఏలూరులో నాయొద్ద చదివి, నేడు భౌతికశాస్త్రము బోధించుచున్న శిష్యు నొకని ఆశ్రయించితిని. అతడు నాకు గురువై చెప్పినదానినే మీకు చెప్పుచున్నాను.

రాగితీగ విద్యుత్తును పోనిచ్చును; గాజు పోనీయదు. ఈ రెంటికి నడుమ నుండు పదార్థములను అర్ధవాహకము లందురు. వానిలో ముఖ్యమైనది సిలికాను. మన యేటి యిసుకలో ప్రాణవాయువుతో కూడియున్న మూలపదార్థమే యది. శుద్ధమైన సిలికాను విద్యుత్తును మిక్కిలి కొద్దిగా మోయును. దానిలో ఏబదిలక్షల అణువులకు ఒక్కటి చొప్పున భాస్వరపు అణువును చేర్చినచో, మోయు ఎలక్ట్రానులు సుమారు పదిలక్షల రెట్లగును. కడివెడు పాలకు చుక్కెడు తోడువలె నన్నమాట! భాస్వరమునకు బదులు బోరాను చేర్చినచో ఎలక్ట్రానులు లేని ఖాళీలు ఏర్పడును. ఇట్టి పొరల నొకదానిప్రక్క నొకటి యమర్చి, పైనొక తూమువంటిదాని నుంచినచో, కొలది విద్యుత్తుతో ప్రవాహమును విడువవచ్చును, కట్టవచ్చును. ఇదియే ట్రాన్సిస్టరు. మొదటిది 1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జెర్మేనియముతో చేయబడినది. షాక్లీ, బార్డీన్, బ్రాటెయిన్ అను మువ్వురకు 1956లో నోబెల్ బహుమాన మీయబడినది. మనము పొలముగట్లపై వినిన చిన్న రేడియోకు ఆ పేరు దీనివలననే వచ్చినది. నేటి మేలురకపు సెల్‌ఫోనులో ఒక్క చిప్పునందే ఇవి వేయికోట్లకు మించి యుండును.

ఇట్టి చిప్పులను చేయు కర్మాగారము సామాన్యము కాదు. గుజరాతులోని ధొలేరాయందు 2024లో కేంద్రప్రభుత్వ మనుమతించిన దానికి 91,000 కోట్ల రూపాయల వ్యయము నిర్ణయింపబడినది. ఒక్క క్రొత్త నమూనా వందలకొలది మెట్లు దాటి చేతికి వచ్చుటకు నెలలు పట్టును. కావున ముందుగా లెక్కలో చేసి చూచుకొందురు. దీనినే అనుకరణ మందురు.

ఈ లెక్క యెట్టిదో కొల్లేటిని తలచుకొన్నచో బోధపడును. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు పల్లము వెంబడి పారి ఉప్పుటేటి గుండ సముద్రమునకు పోవును. ఇది పల్లపు నడక. నిలుకడనీటిలో ఒకచోట ఉప్పు వేసినచో, అది పల్లముతో పనిలేక, చిక్కనిచోటినుండి పలుచనిచోటికి వ్యాపించును. ఇది వ్యాపనము. సిలికానులో ఎలక్ట్రానులకు ఈ రెండు నడకలును కలవు. వాని సమీకరణములను 1950లో వాన్ రూస్‌బ్రోక్ అనునాతడు ఒకచోట కూర్చెను. చిక్కేమనగా, ఎలక్ట్రానులు తాము పారుచునే తమ పల్లమును మార్చుకొనును. ఏరు ఒండ్రు తెచ్చి వేయగా నేల మారును. నేల మారగా ఏటి నడక మారును. ఏది ముందు? అందుచే మొదట ఒక ఊహ చేసి, లెక్కించి, వచ్చిన ఫలముతో ఊహను దిద్ది, మరల లెక్కింతురు. మార్పు నిలుచువరకు ఇట్లే సాగింతురు. ఈ పద్ధతిని గుమ్మెల్ 1964లో ప్రకటించెను.

ఇంకొక సంగతి నా మిత్రునికి మిక్కిలి నచ్చినది. ఆ వస్తువునంతయు వలకండ్లుగా విభజించి, ప్రతి ముడియొద్దను లెక్క కట్టుదురు. మార్పు తీవ్రముగా నున్నచోట సన్నకన్ను, లేనిచోట పెద్దకన్ను. అంతటను సన్నకన్ను వేసిన లెక్క యెన్నటికిని తెమలదు; అంతటను పెద్దకన్ను వేసిన అసలు సంగతియే జారిపోవును. “ఇది మా పనియే కదా!” అని ఆయన నవ్విరి. పిల్ల రోజెల్ల చేయునది ఇదియే: వల నల్లుట, లెక్క నడపుట, చెడినచోట వెదకుట, నిజముగా తయారైన వస్తువు కొలతలతో సరిపోల్చుట. సరిపోల్చని లెక్క బొమ్మయే గాని శాస్త్రము కాదు.

ఇది మనవారికి అందని పండు కాదు. కొల్లాపురమునుండి వచ్చి, కాకతీయ విశ్వవిద్యాలయములో చదివిన రాంగోపాల్ రావుగారు ఈ సూక్ష్మపరికరముల శాస్త్రముననే పేరొంది 2005లో భట్నాగర్ బహుమానమును పొందిరి. పిదప ఢిల్లీ ఐ.ఐ.టి.కి అధిపతులైరి. మన తాడేపల్లిగూడెములోనే 2015లో ఎన్.ఐ.టి. వెలసినది.

ఇక జీతము మాట. గేట్ లేక నెట్ పరీక్ష నెగ్గి కేంద్రప్రభుత్వ ధనముతో సాగు పరిశోధనలో చేరిన జూనియరు ఫెలోకు 2023 జనవరి 1 నుండి నెలకు 37,000 రూపాయలు నిర్ణయించిరి. సామాన్యముగా రెండేండ్ల పిదప, పని మెచ్చబడినచో, 42,000. ఇంటి అద్దె వేరు. డాక్టరేటు పొందినవారికి 58,000 మొదలు. ఇది స్థిరోద్యోగము కాదు. పథకము ముగిసిన పదవియు ముగియును. ధనము విడుదల యాలస్యమై కొన్ని నెలలు చేతికేమియు రాకపోవుటయు కలదు. నా శిష్యుడే యొకచోట అయిదు నెలలు అప్పుచేసి తిన్నాడు. మరియు పథకములో చేరినంతమాత్రమున డాక్టరేటుకు పేరు నమోదైనట్లు కాదు. ఈ భేద మెరుగక కొందరు రెండేండ్లు పోగొట్టుకొందురు.

కావున నేను పిల్లచేత ఆ ఆచార్యునకు జాబు వ్రాయించితిని: పథకమున కింకెంత కాలము మిగిలినది, డాక్టరేటుకు ఎప్పుడు నమోదగును, లెక్కను సరిచూచుటకు నిజమైన నమూనా యెచ్చట తయారగును అని. పదిదినములలో ప్రత్యుత్తరము వచ్చినది. రెండేండ్ల మీద నాలుగు నెలలు మిగిలినవట. రాబోవు ప్రవేశములలోనే దరఖాస్తు పెట్టవలయునట. నమూనాలు బొంబాయి ఐ.ఐ.టి.లో చేయింతురట.

మిత్రులు ఆమెను ఏలూరు స్టేషనులో రైలెక్కించి, తిన్నగా మా యింటికి వచ్చిరి. కాఫీ త్రాగుచు, చెరువు అప్పును మరి రెండు పట్టుబడులు తానే మోయుదునని చెప్పిరి.