మతిమరపు జబ్బు – సంరక్షణాలయములు

వయసు మీరిన తల్లిని గాని తండ్రిని గాని ఆశ్రమములో చేర్చిన కుటుంబమును గ్రామములో పలువురు నిందింతురు. "కన్నవారికి కూడు పెట్టలేకపోయినారు" అను మాట రచ్చబండ వద్ద వినబడుచుండును. డిమెన్షియా అను మతిమరపు జబ్బు విషయములో ఈ నింద తరచుగా న్యాయము కాదు. అందుకు గల కారణములను పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

డిమెన్షియా ముసలితనమున సహజముగా వచ్చు మరపు కాదు. గాలి సోకుటయు, చేతబడియు కాదు. అది మెదడునకు కలుగు వ్యాధుల ఫలితము. వానిలో ముఖ్యమైన దానిని 1906లో ఆల్జీమర్ అను జర్మను వైద్యుడు మొదట వర్ణించెను. మన దేశములో 60 ఏండ్లు దాటినవారిలో నూటికి సుమారు ఏడుగురికి డిమెన్షియా ఉన్నట్లు 2023లో వెలువడిన ఒక సర్వే అంచనా వేసినది.

రోగి మొదట తాళపుచెవి పెట్టిన చోటు మరచును. పిమ్మట చెప్పిన మాటనే పదిసార్లు చెప్పును. కొన్నేండ్లకు కన్నకొడుకునే గుర్తింపజాలడు. పగలు నిద్రించి, నడిరేయి తలుపు తీసికొని "మా ఊరు పోయెదను" అని బయలుదేరును. బొబ్బిలి పరిసరములలో చెరువులు, బావులు, రైలుమార్గము ఉన్నవి కదా! మలమూత్రములపై అదుపు తప్పును. స్నానము చేయింపబోయినవారిపై చేయి చేసికొనును. ఇట్టి రోగికి రాత్రింబగళ్ళు కావలి కావలెను. ఆ భారము సాధారణముగా భార్యపైననో కోడలిపైననో పడును. నిద్ర లేక వారును మంచమెక్కుదురు.

విజయనగరము, శ్రీకాకుళము ప్రాంతములనుండి పనులకై విశాఖపట్టణము, హైదరాబాదు, చెన్నై నగరములకు వలసపోవుట చిరకాలముగా ఉన్నదే. ఇంట వృద్ధదంపతులే మిగులుదురు. చూచుకొను మనిషి పడిపోయిన నాడు రోగికి దిక్కుండదు. కొడుకు వచ్చి కూర్చున్నచో కూలి పోవును. అందుచే ఆశ్రమమున చేర్చు నిర్ణయము చాలమారు ప్రేమ లేక కాక, శక్తి చాలక జరుగుచున్నది.

అయితే అనేక వృద్ధాశ్రమములు తమ పనులు తాము చేసికొనగలవారినే చేర్చుకొనును. కావున రాత్రి కావలి కలదా, వైద్యుడు వచ్చునా, బంధువులు ఎప్పుడైనను చూడవచ్చునా అని ముందే విచారింపవలెను.

చేర్చుట వేరు, వదలివేయుట వేరు. పోషింపవలసినవారు వృద్ధులను వదలివేసినచో 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టము ప్రకారము మూడు నెలల వరకు జైలు గాని, 5,000 రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. పోషణ కొరకు రెవిన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన గల ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. 2022లో బొబ్బిలియే రెవిన్యూ డివిజను కేంద్రమైనది.

పంచాయతీ చేయదగిన పనులు కొన్ని కలవు. మతి తప్పినట్లు కనబడినవారిని ముందుగా ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను. థైరాయిడ్ లోపము, బి12 విటమిను కొరత, మనోవ్యాకులత కూడ ఇట్లే కనబడును, కాని వానికి చికిత్స కలదు. రోగి పేరు, ఇంటివారి ఫోను నంబరు చేతి కడియముపై వ్రాయించవలెను. దుకాణదారులకు, ఆటోవారికి ఆ సంగతి తెలుపవలెను. ఇరుగుపొరుగువారు వంతులవారీగా ఒక్కొక్క పూట కాచినచో ఇంటి ఇల్లాలికి నిద్ర దక్కును. వృద్ధుల సహాయార్థము 14567 నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును.

రక్తపుపోటు, మధుమేహములను అదుపులో ఉంచుకొనుట, చుట్టను, అడ్డపొగను మానుట వలన ఈ జబ్బు ముప్పు తగ్గును. నింద వలన మాత్రము ఏ రోగికిని ఒక పూట కావలి దొరకదు.