వార్తల్లో పదం: ఫ్లొటేషన్ పరీక్ష

2022 ఏప్రిల్‌లో పశ్చిమ బెంగాల్‌లోని సిలిగురి పరిసరాల్లో అటవీ సిబ్బందికి కంగారూలు దొరికాయి. అక్రమ రవాణా సరుకన్నమాట! అలాంటి జంతువు చేతికొస్తే పశువైద్యులు ముందుగా అడిగేవాటిలో పేడ ఒకటి.

వరంగల్ హంటర్ రోడ్డు జూలోని జింకకైనా, కంగారూకైనా పేడలో పరాన్నజీవుల్ని వెతికే ఈ ఫ్లొటేషన్ పరీక్ష పద్ధతి ఒకటే. రెండు మూడు గ్రాముల తాజా పెంటికలను చిక్కటి ఉప్పునీళ్లలో మెదిపి, వడగట్టి, గాజుగొట్టం అంచుదాకా నింపుతారు. పైన పల్చటి గాజుబిళ్ల పెడతారు. పదిహేను నిమిషాల్లో నులిపురుగుల గుడ్లు తేలి బిళ్లకు అంటుకుంటాయి. ఇక మైక్రోస్కోపు పని. కార్జపు జలగ గుడ్లు మాత్రం బరువు. వాటికోసం అడుగు మడ్డి చూడాల్సిందే.

అసలు చిక్కు కంగారూ పిల్లలతోనే. తల్లి సంచి వదిలి గడ్డికి అలవాటుపడే వయసులో ఐమీరియా అనే ఏకకణ జీవి పేగుల్ని దెబ్బతీస్తుంది. ఈ జబ్బే కాక్సిడియోసిస్. నెత్తుటి విరేచనాలు, ఒక్కోసారి ఆకస్మిక మరణం. ఆ జీవి ఊసిస్టులు (గుడ్లలాంటి రూపాలు) పేడలో కనపడకముందే పిల్ల పోవచ్చు. నిక్షేపంలా ఉన్న పెద్ద కంగారూ పేడలోనూ అవే ఊసిస్టులు కనిపించొచ్చు! కాబట్టి ఒక్క నమూనాతో తేల్చేయడం తొందరపాటే. వరుస నమూనాలు, లక్షణాలు, చనిపోతే పోస్టుమార్టంలో పేగు ముక్క, అన్నీ కలిపి చూస్తారు.

కాస్త ఊరట ఏమిటంటే, కంగారూ ఐమీరియా పక్క ఎన్‌క్లోజర్‌లోని జింకకు సాధారణంగా సోకదు.