పంజరం దాటిన పక్షి

పంజరం నుండి పక్షి ఎగిరిపోయిందన్న వార్త వినగానే మన మనస్సు సహజంగా పక్షి పక్షమే వహిస్తుంది. 'పంజరంలో చిలుక' అన్న మాట మన భాషలో బందీ బ్రతుకుకు మారుపేరై ఎంతో కాలమైంది. కాబట్టి ఎగిరిపోయిన పక్షిని తిరిగి పట్టుకోవడానికి వలలతో బయలుదేరినవారు మన కంటికి కొంత క్రూరులుగానే కనిపిస్తారు. అయితే జంతు ప్రదర్శనశాలలో పెరిగిన పక్షి విషయంలో ఈ సానుభూతి ఒక్కటే సరిపోతుందా? బయటి లోకం దానికి నిజంగా ఇల్లు కాగలదా? కాకపోతే దాని ప్రాణానికి బాధ్యత ఎవరిది? 2023లో అమెరికాలోని న్యూయార్క్ నగరంలో ఒక గుడ్లగూబ ఈ ప్రశ్నలన్నింటినీ ప్రజల ముందుంచింది.

ఆ గుడ్లగూబ పేరు ఫ్లాకో. స్పానిష్ భాషలో ఆ మాటకు 'బక్కవాడు' అని అర్థం. పేరుకు బక్కవాడే గాని, రెక్కలు చాచితే ఈ కొస నుండి ఆ కొసకు సుమారు ఆరు అడుగులు! యూరప్, ఆసియా ఖండాలలో నివసించే పెద్ద గుడ్లగూబల జాతికి అది చెందినది. మన రాతిగుట్టలలో కనిపించే పెద్ద గుడ్లగూబకు దగ్గరి జ్ఞాతి. అమెరికాలో మాత్రం ఈ జాతి సహజంగా లేదు. ఫ్లాకో 2010 మార్చిలో నార్త్ కరొలైనా రాష్ట్రంలోని ఒక పక్షి ఉద్యానంలో గుడ్డు నుండి వెలువడింది. ఏడాది నిండక మునుపే న్యూయార్క్ నగరం నడుమనున్న సెంట్రల్ పార్క్ జంతు ప్రదర్శనశాలకు చేరింది. అక్కడ ఉక్కు తీగల వల వెనుక, నాలుగు కొమ్మల నడుమ, దాదాపు పన్నెండు సంవత్సరాలు గడిపింది. వేళకు ఆహారం అందేది. వేటాడవలసిన అవసరం గాని, దూరాలు ఎగరవలసిన అవసరం గాని దానికి కలుగలేదు.

2023 ఫిబ్రవరి 2వ తేదీ రాత్రి ఎవరో ఆ వలను కోశారు. ఫ్లాకో బయటపడి, సమీపంలోని ఫిఫ్త్ అవెన్యూ అనే పెద్ద వీధిలో కాలిబాటపై వాలింది. పోలీసులు చుట్టుముట్టారు. అది వారి చేతికి చిక్కక చెట్లలోకి ఎగిరిపోయింది. తెల్లవారేసరికి నగరమంతటా అదే వార్త.

ప్రదర్శనశాల అధికారుల ఆందోళన సహేతుకమైనదే. జీవితంలో ఒక్క ఎలుకనైనా వేటాడి ఎరుగని పక్షి, శీతకాలపు చలిలో ఆకలితో మాడి చనిపోతుందని వారు భయపడ్డారు. ఎలుకలను ఎరగా ఉంచి బోనులు అమర్చారు. అదే జాతి పక్షుల కూతలను రికార్డు చేసి వినిపించారు. రాత్రింబవళ్లు చెట్ల క్రింద కాపు కాశారు. ఫ్లాకో ఎరను చూసి ఆశపడింది గాని చిక్కలేదు. ఈలోగా ఎవరూ ఊహించనిది ఒకటి జరిగింది. అది తనంతట తానుగా ఎలుకలను పట్టి తినసాగింది. మొదట కొమ్మ నుండి కొమ్మకు తడబడుతూ ఎగిరిన పక్షి, కొద్ది రోజులలోనే నిశ్శబ్దంగా, నేర్పుగా ఎగరడం మొదలుపెట్టింది. పన్నెండేళ్ల బందిఖానా దాని రక్తంలోని విద్యను తుడిచివేయలేకపోయింది.

ఈ వార్తతో ప్రజాభిప్రాయం ఒక్కసారిగా పక్షివైపు మొగ్గింది. ఫ్లాకోను స్వేచ్ఛగా వదలివేయాలని వేలమంది విజ్ఞప్తులపై సంతకాలు చేశారు. తప్పించుకున్న రెండు వారాలకే అధికారులు పట్టుకొనే ప్రయత్నాలను విరమించుకున్నారు. దానిని గమనిస్తూ మాత్రం ఉంటామని ప్రకటించారు. మన పల్లెలలో గుడ్లగూబ ఇంటిపై వాలి కూస్తే అపశకునమని పెద్దలు దానిని తోలివేసేవారు. ఆ మహానగరంలోనో, గుడ్లగూబ కూత వినడానికి జనం అర్ధరాత్రి వరకు మేల్కొని కిటికీల వద్ద నిలబడ్డారు!

అక్టోబరు చివరి వరకు ఫ్లాకో ప్రధానంగా ఆ ఉద్యానంలోనే కాలం గడిపింది. తరువాత దక్షిణంగా కొన్ని మైళ్ల దూరం వెళ్లి, మళ్లీ ఉద్యానానికి పడమరనున్న వీధులకు తిరిగి వచ్చింది. మేడల పైనున్న నీటి తొట్లపై వాలి రాత్రంతా కూసేది. మగ గుడ్లగూబ ఆ విధంగా కూయడం తన నెలవును చాటుకోవడానికి, జతగత్తెను పిలవడానికి. కాని ఆ ఖండమంతటా స్వేచ్ఛగా తిరిగే దాని జాతి ఆడపక్షి ఉండే అవకాశమే దాదాపు లేదు. స్వేచ్ఛ లభించింది గాని, ఆ స్వేచ్ఛను పంచుకొనే తోడు లభించలేదు. ఫ్లాకోను కీర్తించినవారిలో ఎక్కువమంది ఈ సంగతిని పట్టించుకోలేదని అనిపిస్తుంది.

పక్షిని వదలివేయడాన్ని వ్యతిరేకించినవారి వాదన కూడా ఆలోచింపదగినదే. ఒక ప్రాంతానికి చెందని ప్రాణి అక్కడ స్థిరపడితే స్థానిక ప్రాణులకు ముప్పు కలుగవచ్చు. దీనికి ఉదాహరణ కోసం మన రామచిలుకనే చూడవచ్చు. పెంపుడు పక్షులుగా యూరప్‌కు తరలించిన ఈ చిలుకలు పంజరాల నుండి తప్పించుకొని, లండన్ వంటి నగరాలలో వేల సంఖ్యలో పెరిగాయి. స్పెయిన్ దేశంలోని సెవిల్ నగరంలో ఒక ఉద్యానపు చెట్టు తొర్రల కోసం అరుదైన పెద్ద గబ్బిలాలతో పోరాడి, వాటిని చంపుతున్నాయని 2018లో శాస్త్రజ్ఞులు వెల్లడించారు. మన తోటలో ముచ్చట గొలిపే చిలుక అక్కడ మరొక జీవికి మృత్యువైంది. ఫ్లాకో ఒంటరి కాబట్టి దాని సంతతి వ్యాపించే భయం లేదు. అయినా ఆ ఉద్యానంలో దానికంటే చిన్నవైన స్థానిక గుడ్లగూబలు ఉన్నాయి. పెద్ద గుడ్లగూబ చిన్న గుడ్లగూబను వేటాడడం ప్రకృతిలో వింత కాదు.

తప్పించుకున్న పక్షులన్నింటి కథా ఒకే విధంగా ముగియలేదు. 1965 ఫిబ్రవరి 28న లండన్ జంతు ప్రదర్శనశాల నుండి గోల్డీ అనే గరుడపక్షి ఎగిరిపోయింది. దానిని చూడడానికి రీజెంట్స్ పార్కుకు జనం వేలాదిగా వచ్చారు. అది బాతును చంపింది, పెంపుడు కుక్కల మీదికి దూకింది. పన్నెండవ రోజున చచ్చిన కుందేలును ఎరగా వేసి సంరక్షకులు దానిని పట్టుకున్నారు. ఆ పని తప్పని అప్పట్లో గట్టిగా వాదించినవారు తక్కువ.

దీనికి పూర్తిగా భిన్నమైనది ఒక ఫ్లెమింగో చరిత్ర. ఆఫ్రికా నుండి తెచ్చిన కొన్ని ఫ్లెమింగోలు అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఒక జంతు ప్రదర్శనశాలలో ఉండేవి. ఎగరకుండా వాటి రెక్కల ఈకలను ఎప్పటికప్పుడు కత్తిరించేవారు. 2005 వేసవిలో ఒకసారి ఆ పని సకాలంలో జరుగలేదు. బలమైన గాలి వీచిన ఒక రోజున రెండు పక్షులు లేచిపోయాయి. వాటిలో ఒకటి ఉత్తర దిశగా వెళ్లి, ఆ తరువాత కానరాకుండా పోయింది. కాలికి 492 అనే సంఖ్యగల పట్టీ ఉన్న రెండవది దక్షిణాన టెక్సాస్ సముద్రతీరానికి చేరింది. దానిని పట్టే ప్రయత్నంలో అక్కడి ఇతర పక్షులు బెదిరిపోతాయని భావించి ప్రదర్శనశాలవారు వదలివేశారు. అక్కడ దానికి కరీబియన్ జాతికి చెందిన మరొక ఫ్లెమింగో తోడైంది. 2022లో కూడా 492ను ఆ తీరంలో చూసినవారున్నారు. పదిహేడు సంవత్సరాలు! మన పులికాట్ సరస్సుకు చలికాలంలో వచ్చే పెద్ద ఫ్లెమింగోలదీ అదే జాతి. తడ, సూళ్లూరుపేట ప్రాంతాలవారికి వాటి జీవన విధానం సుపరిచితమే. పలుచని ఉప్పునీరు, అందులో చిన్న చిన్న రొయ్యలు, నాచు ఉంటే చాలు. టెక్సాస్ తీరంలో ఆ రెండూ పుష్కలంగా ఉన్నాయి.

ఫ్లెమింగో బ్రతికినంత కాలం గుడ్లగూబ ఎందుకు బ్రతకలేదు? 2024 ఫిబ్రవరి 23న ఒక భవనపు ఆవరణలో నేలపై పడివున్న ఫ్లాకోను గుర్తించారు. పక్షి సంరక్షకులు వచ్చేసరికి అది స్పృహలో లేదు. కొద్దిసేపటికే మరణించింది. అది స్వేచ్ఛగా తిరిగినది ఒక సంవత్సరం మూడు వారాలు. శరీరంపై గాయాలున్నందున భవనాన్ని ఢీకొని చనిపోయిందని మొదట అందరూ అనుకొన్నారు. ఒక నెల తరువాత వెలువడిన పరీక్షా ఫలితాలు మరొక సత్యాన్ని బయటపెట్టాయి. దాని శరీరంలో పావురాల నుండి సంక్రమించే తీవ్రమైన హెర్పిస్ వైరస్ వ్యాధి ఉంది. దానితోపాటు నాలుగు రకాల ఎలుకల మందు కూడా ఉంది. క్రింద పడకపోయినా ఈ రెండూ దాని ప్రాణాన్ని తీసేవేనని వైద్యులు నిర్ధారించారు.

ఈ ఎలుకల మందు పనిచేసే తీరును కొంత వివరంగా తెలుసుకోవాలి. అది రక్తాన్ని గడ్డకట్టనీయదు. దానిని తిన్న ఎలుక వెంటనే చావదు. లోలోపల రక్తస్రావమై, కొన్ని రోజుల తరువాత చస్తుంది. ఆ కొన్ని రోజులు ఎలుక మందకొడిగా తిరుగుతుంది. ఇటువంటి ఎలుకే గుడ్లగూబకు సులభంగా దొరుకుతుంది. తిన్న ప్రతి ఎలుకతోనూ కొంత విషం గుడ్లగూబ కాలేయంలో చేరి నిలిచిపోతుంది. పై నుండి చూసేవారికి పక్షి చక్కగా వేటాడుతున్నట్లే, పుష్టిగా ఉన్నట్లే కనిపిస్తుంది. ఫ్లాకో వేట నేర్చినందుకు నగరమంతా సంతోషించింది. దానిని చంపినది ఆ వేటే.

ఇక్కడే ప్రదర్శనశాలవారి నిర్ణయాన్ని పరిశీలించవలసి ఉంది. 2023 ఫిబ్రవరిలో వారు ప్రయత్నం ఆపడాన్ని తప్పుపట్టలేము. పక్షి చిక్కడం లేదు. తిండి సంపాదించుకొంటున్నది. బెదరగొట్టి తరిమితే గాజు మేడలకు కొట్టుకొనే ప్రమాదమూ ఉంది. కాని ఉద్యానాన్ని విడిచి మేడల మధ్యకు చేరిన తరువాత పరిస్థితి మారింది. అప్పుడు వారు పక్షిలో బాధ, నీరసం కనిపిస్తే తిరిగి పట్టుకొంటామన్నారు. ఈ విషం విషయంలో అటువంటి నిరీక్షణ వ్యర్థం. లక్షణాలు పైకి కనిపించేనాటికి చేయగలిగినది చాలా స్వల్పం. కాబట్టి నవంబరు నాటికైనా పట్టే ప్రయత్నాన్ని మళ్లీ మొదలుపెట్టవలసి ఉండెనని చెప్పక తప్పదు. అయితే పట్టి తెచ్చి పాత బోనులోనే పడవేయడం కూడా న్యాయం కాదు. ఇంత దూరం ఎగరగలనని నిరూపించిన పక్షికి, ఎగరడానికి వీలైన విశాలమైన ఆవాసం చూపవలసి ఉండేది. ఈ జాతి పక్షులు మానవ సంరక్షణలో అరవై సంవత్సరాల వరకు జీవించిన సందర్భాలున్నాయి. ఫ్లాకో వయస్సు పద్నాలుగు కూడా నిండలేదు.

వల కోసిన వ్యక్తి ఎవరో గాని, తాను ఒక ప్రాణికి విముక్తి కలిగించానని భావించి ఉండవచ్చు. కాని తలుపు తెరవడం వేరు, విముక్తి కలిగించడం వేరు. కాలిఫోర్నియా కాండర్ అనే మహా రాబందుల విషయంలో జరిగినది ఇందుకు నిదర్శనం. 1987 నాటికి ఆ జాతిలో 27 పక్షులే మిగలగా, అడవిలో ఉన్న చివరి పక్షిని కూడా శాస్త్రజ్ఞులు పట్టి తెచ్చారు. అప్పుడు కూడా తీవ్రమైన విమర్శలు వచ్చాయి. వాటికి పిల్లలు పుట్టిన తరువాత, 1992 నుండి తిరిగి అడవిలో వదలసాగారు. వదలడానికి ముందు, విద్యుత్ స్తంభాలపై వాలరాదని కూడా నేర్పారు. అందుకోసం నకిలీ స్తంభాలను నిలిపి, వాలిన పక్షికి స్వల్పంగా షాక్ తగిలేటట్లు ఏర్పాటు చేశారు. మన దేశంలోనూ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకను పంజరంలో ఉంచడం నేరం. కాని ఈకలు కత్తిరించిన చిలుకను విడిపించిన వెంటనే గాలిలోకి విసిరితే అది నేలకూలి పిల్లులకో, కుక్కలకో ఆహారమవుతుంది. కొత్త ఈకలు వచ్చే వరకు నెలల తరబడి దానిని కాపాడిన తరువాతనే వదలాలి.

ఫ్లాకో మరణానంతరం అది తరచుగా వాలిన ఓక్ చెట్టు మొదట్లో జనం పూలు, ఉత్తరాలు ఉంచి వెళ్లారు. ఎలుకల నిర్మూలనకు విషం తప్ప మార్గం లేదా అన్న చర్చ నగర మండలికి చేరింది. 2024 సెప్టెంబరులో మండలి ఒక చట్టాన్ని ఆమోదించింది. ఎలుకలను విషంతో చంపడానికి బదులు, వాటికి సంతానం కలుగకుండా చేసే మందును ఎరలో పెట్టి కొన్ని ప్రాంతాలలో పరీక్షించాలని అందులో నిర్దేశించారు. ఆ చట్టాన్ని ఫ్లాకో పేరుతోనే పిలుస్తున్నారు.