చేతులు కడిగితే పోని మసి

ఉర్లాలో పొద్దున ఆరేసిన తెల్లచొక్కాను మధ్యాహ్నానికి మళ్లీ ఉతుక్కోవాల్సిందే. రాయ్‌పూర్ శివార్లలోని ఈ పారిశ్రామికవాడలో, పక్కనున్న సిల్తరాలో స్పాంజ్ ఐరన్ కర్మాగారాలు, ఉక్కు కొలుములు, రోలింగ్ మిల్లులు వదిలే మసి నగరంలోని డాబాల మీద కూడా పేరుకుంటుంది. డాబా మీది మసిని కడిగేయొచ్చు. ఊపిరితిత్తుల్లోకి చేరిన దుమ్మునేం చేయాలన్నదే ప్రశ్న.

ఆరోగ్య చైతన్యంలో ఛత్తీస్‌గఢ్ వెనకబడిందేమీ కాదు. ఇద్దరు ఆడవాళ్లు ఆచారబద్ధంగా స్నేహం కట్టుకుంటే ఇక్కడ ఒకరికొకరు 'మితానిన్' అవుతారు. 2002లో ఆ పేరుతోనే ప్రభుత్వం ఆరోగ్య కార్యకర్తల పథకం మొదలుపెట్టింది. ప్రతి వాడకూ అక్కడి వాళ్లే ఎంచుకున్న ఒక మహిళ. 2005లో కేంద్రం 'ఆశా'లను ప్రకటించడానికి స్ఫూర్తినిచ్చిన నమూనాల్లో ఇదొకటి. 2012లో పట్టణాల మురికివాడలకూ పథకం విస్తరించింది. విరేచనాలు పట్టుకున్న బిడ్డకు ఓఆర్ఎస్ కలిపి పట్టడం, పురిటిబిడ్డకు ముర్రుపాలు ఇవ్వడం లాంటివి పోస్టర్ల కన్నా ఈ పొరుగింటి మనిషి మాటతోనే ఎక్కువగా ఇళ్లలోకి చేరాయి. పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన గుడాఖుతో పళ్లు తోముకునే అలవాటు మాత్రం అంత తేలిగ్గా లొంగేది కాదు.

అయితే ఇవన్నీ మనిషి తలచుకుంటే మార్చుకోగల అలవాట్లు. కొలుమి దగ్గర పని అలా కాదు. ఇండక్షన్ ఫర్నేసు లోపలి పూతకు వాడేది పలుగురాతి పొడి. అరిగిన పూతను కొట్టేసి కొత్తది వేసేటప్పుడు లేచే సన్నని సిలికా ధూళి కంటికి ఆనదు, ముఖానికి చుట్టుకున్న గంఛాకూ ఆగదు. దానివల్ల వచ్చే సిలికోసిస్‌కు మందు లేదు. పైగా అది క్షయకు దారి తీస్తుంది. దగ్గు, ఆయాసం, చిక్కిపోవడం రెండింటిలోనూ ఉంటాయి కనుక ఒకదాన్ని మరొకటిగా పొరబడడమూ మామూలే. ఈ పొరపాటు ఖరీదైనది. క్షయ అని రాస్తే అది రోగి దురదృష్టం. సిలికోసిస్ అని రాస్తే యజమాని పరిహారం ఇవ్వాల్సిన జబ్బు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే దాన్ని అధికారులకు తప్పక తెలియజేయాల్సిన వ్యాధుల్లో చేర్చింది.

చట్టం చెబుతున్నదల్లా యజమానికే: ధూళిని పుట్టినచోటే నీళ్లతో, యంత్రాలతో అణచాలి. గొట్టాలకు బిగించిన ధూళి నిరోధక యంత్రాలను కరెంటు ఖర్చుకు వెరచి రాత్రిళ్లు ఆపేస్తున్నారన్నది రాయ్‌పూర్‌లో ఏళ్లుగా వినిపించిన ఫిర్యాదు. ఠేకేదారు మారితే గేటు మారే కూలీకి తాను ఏ మిల్లు దుమ్ము ఎన్నాళ్లు పీల్చాడో చూపే కాగితమే ఉండదు. క్షయకు ఆరు నెలల మందులు మింగుతూ కూడా అతను షిఫ్టుకు వెళ్లాలి, గంఛా చుట్టుకుని.