తూర్పున ఇల్లు, పడమట ఉద్యోగం

హైదరాబాద్ తూర్పు వైపున్న సైనిక్‌పురి చుట్టూ ఇన్ని ఫ్యాక్టరీలుండగా ఇక్కడి పిల్లలు హైటెక్ సిటీకి ఎందుకు పరుగెడుతున్నారు?

సైనిక్‌పురి పేరుకు తగ్గట్టు మాజీ సైనికుల కాలనీ. దాని చుట్టుపక్కల మాత్రం చాలాచోట్ల పని ముందు వచ్చింది, ఇళ్లు తర్వాత లేచాయి. 1967లో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్, 1971లో అణు ఇంధన సంస్థ ఎన్‌ఎఫ్‌సీ వచ్చాయి. ఏఎస్ రావు నగర్‌కు ఈసీఐఎల్ స్థాపకుడి పేరే పెట్టారు. మౌలాలి, చర్లపల్లి, మల్లాపూర్, నాచారం, ఉప్పల్ పారిశ్రామికవాడల్లో షిఫ్టు దిగినవాడు సైకిల్ మీద ఇల్లు చేరేవాడు. 1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ తెరిచాక కొత్త ఐటీ పని పడమటికి మళ్లింది. కట్టుకున్న ఇల్లు, పెద్దవాళ్లు, పిల్లల బడి ఇక్కడే ఉండిపోయాయి. 2019లో నాగోలు మెట్రో హైటెక్ సిటీ దాకా వెళ్లింది గానీ, సైనిక్‌పురి వాళ్లు ఆ మెట్రో ఎక్కాలంటే ముందు హబ్సిగూడకో తార్నాకకో చేరాలి.

అయితే ఇక్కడ పనులు పోయాయా?

కొన్ని పోయాయి. మౌలాలి హెచ్‌ఎంటీ బేరింగ్స్ మూసివేతకు 2016లో కేంద్రం ఆమోదం తెలిపింది. మరోవైపు ఉప్పల్‌కు జెన్‌ప్యాక్ట్, పోచారానికి ఇన్ఫోసిస్ లాంటి ఐటీ కంపెనీలు వచ్చాయి. అసలు మార్పు ఉద్యోగాల లెక్కలో కన్నా వాటి తీరులో ఉంది. నాన్న ఐటీఐతో పర్మనెంటు అయ్యాడు. కొడుకు బీటెక్ చదివీ కాంట్రాక్టు మీద చేరుతున్నాడు. ఈసీఐఎల్ కూడా ఇంజినీర్లను గడువు పెట్టి తీసుకుంటోంది.

శ్రామిక శక్తి పెరిగిందంటే ఉద్యోగాలు పెరిగినట్టేనా?

కాదు. పని చేస్తున్నవాళ్లనే కాక పని వెతుక్కుంటున్నవాళ్లనూ అందులో కలుపుతారు. కేంద్రం చేసే కార్మిక సర్వే ప్రకారం, దేశంలో 15 ఏళ్లు, ఆపైన ఉన్న ఆడవాళ్లలో శ్రామిక శక్తిలో ఉన్నవాళ్ల వాటా 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. ఆ పెరుగుదలలో పెద్ద భాగం పల్లెల్లో సొంత పని, జీతం లేకుండా ఇంటి వ్యాపారంలో చేసే సాయం. ఇంకో చిక్కు: ఈ సర్వే ఇంటికొచ్చి అడుగుతుంది. మాదాపూర్‌లో, అంటే రంగారెడ్డి జిల్లాలో, పనిచేసే సైనిక్‌పురి అమ్మాయి మేడ్చల్-మల్కాజిగిరి లెక్కలో పడుతుంది. ఆ అంకె చూసి తూర్పున పనులు పెరిగాయనుకుంటే పొరపాటే.

కంపెనీలను ఇటు రప్పించలేరా?

2020లో రాష్ట్ర ప్రభుత్వం ఐటీని నగరంలో మిగతా వైపులకూ విస్తరించేందుకు తెచ్చిన గ్రిడ్ పాలసీలో రాయితీలు ప్రకటించింది. కానీ కంపెనీ అద్దె ఒక్కటే చూడదు. రేపు పదిమంది అనుభవజ్ఞులు కావాలంటే పక్క భవనంలోనే దొరికే చోటు చూసుకుంటుంది. ఉద్యోగీ అంతే, ఇది పోతే ఇంకోటి దగ్గర్లోనే దొరకాలనుకుంటాడు. ఒకటీ అరా కంపెనీలు ఉప్పల్ వచ్చినంతలో ఆ ధీమా రాదు. పదీ ఇరవై ఒక్కచోట చేరాలి.