తెలుగు ముద్రిత గ్రంథము: అంధ పరిశోధకుని పఠనము

మా శాఖలో చూపు లేని పరిశోధక విద్యార్థి యొకడు తన సిద్ధాంత వ్యాసములోని ఒక అధ్యాయమును నాకు సమర్పించెను. అందు ఒక పూర్వ విమర్శకుని వాక్యము ఉదాహృతమైనది. ఒకానొక పద్యమును గూర్చి ఆ విమర్శకుడు 'ఈ పద్యార్థము సంస్కృత మూలమున లేదు' అని వ్రాసియుండగా, విద్యార్థి ప్రతిలో 'పద్యార్ధము' అని యున్నది. పద్యభావము మూలమున లేదను మాట, పద్యములో సగము లేదను మాటగా మారినది. ఆ సగ మేదియో నిర్ణయించుటకు అతడు రెండు పుటల చర్చ చేసినాడు. నేను అంచున 'మూలము చూడలేదు' అని ఎఱ్ఱసిరాతో వ్రాసితిని. అతడు మూలమును చూచెను; తనకు గల సాధనముతో చూచెను. తప్పు యంత్రమునది. ఆ తప్పును పట్టు విధమును అతనికి నేర్పని లోపము నాది. ఈ వ్యాసమునకు కారణ మిదియే.

స్కానరు చేయు పని స్వల్పము. గాజుపలకపై బోర్లించిన పుటకు అది చిత్రము తీయును. ఆ చిత్రమున అక్షరములు లేవు. చుక్కలు మాత్రమే కలవు. తెరపై గల పాఠమును పలుకు స్క్రీన్ రీడరునకు అట్టి పుట శూన్యము. డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వలన లభించిన తెలుగు గ్రంథములు చూపుగలవారికి ఎంత ఉపకరించినను, చిత్రరూపమున నున్నంత వరకు చూపు లేనివారికి మూసిన పుస్తకములే. యూనికోడునకు పూర్వపు ఫాంట్లతో కూర్చిన గ్రంథముల గతియు నిట్టిదే. వానిని పలికింపగా అర్థము లేని ఇంగ్లీషు అక్షరములు వినబడును.

చిత్రము నుండి అక్షరములను గుర్తించు ప్రక్రియకు ఓ.సి.ఆర్. అని పేరు. అమెరికాలో రే కర్జ్‌వైల్ 1976 లో ప్రకటించిన పఠనయంత్రము స్కానరును, అక్షర గుర్తింపును, కృత్రిమ కంఠమును అంధుల కొరకు ఒకచోట కూర్చినది. నేడు తెలుగును గుర్తించు సాధనములలో టెసెరాక్ట్ ఒకటి. దాని మూలము 2005 లో అందరికిని విడుదల చేయబడినది. గుర్తించిన పాఠమును పలుకుటకు ఎన్.వి.డి.ఎ. అను స్క్రీన్ రీడరు కలదు. దీనిని 2006 లో ఆస్ట్రేలియాలో ప్రారంభించిన మైఖేల్ కరన్ స్వయముగా అంధుడు. ఈ రెండును ఉచితముగా లభించును.

పుటను అమర్చుట చేతి నేర్పు. గాజుపలక అంచు వేలికి తగులును గనుక గ్రంథమును దానికి ఆనించి వంకర లేకుండ ఉంచవచ్చును. ఫోనుతో చిత్రము తీయునపుడు ఈ ఆధారము లేదు. గ్రంథపు వెన్ను చక్కగా అదుమకున్నచో నడిమి మడతలో పంక్తుల కొనలు వంగి, అక్షరములు చెడును. సాధారణ ముద్రణకు అంగుళమునకు 300 చుక్కల సాంద్రత చాలును. సన్నని అక్షరములు గల పాత గ్రంథములకు 400 మేలు.

ఇక లిపి సంగతి. ప, వ అను వాని భేదము ముఖ్యముగా తలకట్టు అంటుటలో, అంటకుండుటలో నున్నది. సిరా కొంచెము అలికినచో 'పరము' 'వరము' అగును. థ, ధ లకు భేదము ఒక చుక్క. మ, వు లను పాత అచ్చులో కంటితో చూచువారే తడబడుదురు. ఈ తప్పులలో ప్రమాదకరమైనవి అర్థము లేని పదములు కావు. అవి వినగానే తెలియును. ఒక మంచి పదము మరియొక మంచి పదముగా మారుటయే ప్రమాదము. స్క్రీన్ రీడరు రెంటిని ఒకే నిబ్బరముతో పలుకును.

చెవికి అందని భేదములు మరికొన్ని కలవు. 'ఏఁడు' అనగా సంవత్సరము, 'ఏడు' అనగా సంఖ్య. అరసున్న లోపించినను వినువానికి తెలియదు. ర, ఱ లు నేటి ఉచ్చారణలో ఒక్కటియే. ఛందస్సును, వ్యాకరణమును పరిశోధించువానికి ఇవి ఉపేక్షింపదగినవి కావు.

దీనికి ఉపాయ మేమి? ఓ.సి.ఆర్. ఇచ్చిన పాఠమును గ్రంథముగా గాక, ఒక లేఖకుడు వ్రాసిన ప్రతిగా చూడవలయును. తాళపత్ర ప్రతిని పరిష్కరించువాడు లేఖక దోషముల తీరు నెఱిగి యుండును గదా. ఆ శిక్షణయే ఇచటను పనికి వచ్చును. ఒకే పుటను రెండు సాధనములతో గుర్తింపజేసి పాఠములను పోల్చినచో, అవి భేదించిన చోట్లు అనుమానాస్పదములు. అనుమానమున్న అక్షరముపై ఎన్.వి.డి.ఎ. లో సమీక్షా మీటను మూడుమారులు నొక్కగా దాని యూనికోడు సంఖ్య పలుకును: థ 3109, ధ 3111, ర 3120, ఱ 3121. ఉచ్చారణ చెప్పని భేదమును సంఖ్య చెప్పును. అయితే యంత్రము గుర్తించిన దేదియో అది తెలుపును గాని, అచ్చులో నున్న దేదియో తెలుపదు. రెండు సాధనములును ఒకే తప్పు చేసిన చోట అన్య ముద్రణమో, చూపుగల చదువరియో శరణ్యము.

స్వరాష్ట్రమునకు వెలుపల ఈ చదువరి దుర్లభుడు. ఇచటి వసతి గృహమున హిందీ పుటను చదివి పెట్టువారు పదిమంది దొరకుదురు; తెలుగు పుటకు ఒక్కడును దొరకడు. కావున భారము శాఖలపై నున్నది. 2012 లో సవరింపబడిన కాపీరైటు చట్టము వికలాంగుల ఉపయోగార్థము లాభాపేక్ష లేకుండ గ్రంథములను అనువైన రూపమునకు మార్చుట కనుమతించుచున్నది. అంధులకు గ్రంథముల నందించు మరాకేష్ ఒడంబడికను 2014 లో మొదట ధ్రువీకరించిన దేశము మనదే. పాఠ్యగ్రంథములను ఒకమారు స్కాను చేసి, ఎం.ఏ. విద్యార్థులచే అచ్చుతో పోల్చి దిద్దించి, దిద్దినవారి పేరుతో భద్రపరచిన ప్రతులు మన శాఖలలో నుండవలయును. కన్నడ, మలయాళ శాఖలకును ఇది వర్తించును. పాఠ పరిష్కరణ విద్య నేర్చుకొనుటకు వారికి ఇంతకు మించిన అభ్యాసము లేదు.

మా విద్యార్థి ఆ రెండు పుటలను తొలగించి అధ్యాయమును తిరిగి వ్రాసినాడు. అంచున నేను వ్రాసిన ఎఱ్ఱసిరా మాటను నేను కొట్టివేసితిని.